లైజనింగ్ కన్సల్టెంట్ బిల్లులో ఏముందో నాకు తెలుసు. ఇప్పుడు ఈ ఫారం మీద సంతకం ఎలా పెట్టాలి?

జీడిమెట్ల వీఎంసీ:

నమస్కారమండి. జీడిమెట్ల ఇండస్ట్రియల్ ఏరియాలో మాది మెషినింగ్ షాపు. రెండు వీఎంసీలు (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషిన్లు), నాలుగు సీఎన్‌సీ లేత్‌లు, అందరం కలిపి 26 మందిమి. మా నాన్న ఒక్క పాత లేత్‌తో మొదలుపెట్టాడు. ఇప్పుడు నేనూ మా బామ్మర్దీ పార్ట్‌నర్లం. ఇన్నేళ్ళూ ఇక్కడి పంపుల కంపెనీలకు, ఒక ప్రభుత్వ రంగ సంస్థకు జాబ్‌వర్క్ చేసుకుంటూ వచ్చాం. ఈ ఏడాది మొదటిసారి ఇంగ్లాండ్ కంపెనీ ఒకటి వాల్వ్ బాడీలు చేసిపెట్టమని అడిగింది. శాంపిల్స్ పాసయ్యాయి, రేటు కుదిరింది. ఇక పీఓ, అంటే పర్చేజ్ ఆర్డరు, రావడమే తరువాయి అనుకుంటుండగా మెయిల్‌లో ఒక ఫారం వచ్చింది. పదకొండు పేజీలు, మొత్తం లంచాల గురించే.

రాత్రి షిఫ్ట్ వాళ్ళు వచ్చాక ఆఫీసు గదిలో కూర్చుని చదివాను. చాలావాటికి టిక్కు పెట్టేశాను. పదిహేడో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ‘మీ తరఫున ప్రభుత్వ కార్యాలయాల్లో పనులు చేసిపెట్టే బయటి వ్యక్తులు ఉన్నారా? వారికి మీరిచ్చే డబ్బు దేనికోసమో విడివిడిగా చూపగలరా?’ దాని కిందే ఇంకొకటి: ‘మామూలుగా జరగాల్సిన పని త్వరగా జరగడానికి చిన్న మొత్తాలు ఇస్తారా?’ చివరి పేజీలో ‘పైన చెప్పినవన్నీ నిజమని ధృవీకరిస్తున్నాను’ అని, కింద నా సంతకానికి గీత.

మాకు అలా ఆఫీసుల్లో పనులు చేసిపెట్టే లైజనింగ్ కన్సల్టెంట్ ఒకడున్నాడు. ఏ శాఖ పనో రాయను, అక్కడ మంచివాళ్ళూ ఉన్నారు. ఒక అనుమతి రెన్యువల్‌కి సర్కారు ఫీజు 18 వేలు. అతను మాకిచ్చే బిల్లు 65 వేలు. బిల్లు మీద ఒకటే లైను: ‘ప్రొఫెషనల్ ఛార్జీలు, అన్నీ కలిపి’. మిగిలిన 47 వేలలో అతని కష్టం ఎంత, కవర్లో పెట్టి ఇచ్చింది ఎంత అని నేనెప్పుడూ అడగలేదు. అడగకపోవడమే తెలివి అనుకున్నాను. పోయిన్నెల మా అకౌంట్స్ అమ్మాయి ఆ బిల్లు చేత్తో పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చి, ‘సార్, దీన్ని ఏ హెడ్ కింద వెయ్యమంటారు?’ అంది. నేను తలెత్తకుండానే ‘మిసలేనియస్’ అన్నాను. ఆ పిల్ల కాసేపు అక్కడే నిలబడి వెళ్ళిపోయింది. కొత్తగా చేరిన పిల్ల, ఇరవై మూడేళ్ళు ఉంటాయి. తను నిలబడిన ఆ కాసేపు నాకు ఇంకా గుర్తొస్తోంది.

నా ప్రశ్నలు ఇవి. నా చేత్తో నేను ఎవరికీ రూపాయి ఇవ్వలేదు. అయినా తప్పు నాదవుతుందా? ఇంగ్లాండ్ చట్టానికీ జీడిమెట్లలో కూర్చున్న నాకూ ఏమిటి సంబంధం? అన్నిటికంటే ముఖ్యం, రేపట్నుంచి ఇవ్వనంటే మా ఫైలు కదులుతుందా? 26 ఇళ్ళు ఈ షెడ్డు మీద ఆధారపడి ఉన్నాయి. అబద్ధం రాసి సంతకం పెట్టలేను. నిజం రాసి ఆర్డరు పోగొట్టుకునే స్తోమతా లేదు. దారి తెలిసినవాళ్ళు చెప్పండి.


కూకట్‌పల్లి మౌల్డింగ్:

అన్నా, అంత ఆలోచించకండి. నేనూ ఇలాంటి ఫారం మూడేళ్ళ క్రితం నింపాను. అన్నిటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టి పంపించాను. ఇప్పటిదాకా అడిగిన నాథుడు లేడు. ఆర్డరు ముందు తెచ్చుకోండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు. పిల్లల ఫీజులు కట్టేది ఆర్డరేగానీ ఫారం కాదు.


సప్లయర్ ఆడిట్:

వీఎంసీ గారూ, పధ్నాలుగేళ్ళుగా నా పని ఇదే. విదేశీ కొనుగోలుదారుల తరఫున బాలానగర్, చర్లపల్లి, పాశమైలారం షెడ్లకు వెళ్ళి లెక్కలు, ఒప్పందాలు చూస్తాను. మీరు పదిహేడో ప్రశ్న దగ్గర ఆగడం నాకు సంతోషంగా ఉంది. మేం ముందు తిప్పి చూసే పేజీ అదే.

కూకట్‌పల్లి తమ్ముడికి ముందుగా ఒక మాట. అడిగేవాడు రాలేదంటే ఇంకా రాలేదని అర్థం. ఆ ఫారం కొనుగోలు ఒప్పందంలో భాగమవుతుంది. ‘మీ పుస్తకాలు మేం చూడవచ్చు, ఇందులో రాసింది అబద్ధమని తేలితే ఒప్పందం రద్దు’ అని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. అంటే ఆర్డరు మధ్యలో ఉండగా, మెటీరియల్ కొనేసి, డైలు చేయించేశాక పోతుంది. నేను కళ్ళారా చూశాను. ఒక యూనిట్‌లో నేను చూస్తుండగానే ప్యాక్ చేసిన పెట్టెల మీద లేబుళ్ళు పీకేశారు. యజమాని తల పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. ఆ ఆడిట్ రిపోర్టు రాసింది నేనే. ఆ రాత్రి నాకూ అన్నం సహించలేదు.

ఇక మీ మొదటి ప్రశ్న. మన అవినీతి నిరోధక చట్టం 1988 నాటిది. 2018 జూలై 26 నుంచి సవరణలతో అమల్లో ఉంది. అంతకుముందు ఇచ్చేవాడి మీద దృష్టి తక్కువ. సవరించిన సెక్షన్ 8 ప్రకారం ఇవ్వడం కూడా నేరుగా నేరం. ఏడేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. నేరుగా ఇచ్చినా, మధ్యలో మనిషిని పెట్టి ఇప్పించినా ఒకటేనని అదే సెక్షన్ వివరణలో రాసుంది. ‘నా చేత్తో ఇవ్వలేదు’ అనే మాట మీకు ఇప్పుడు ఏ రక్షణా ఇవ్వదు. కన్సల్టెంట్ చెయ్యి మీ చెయ్యే.

మీది పార్ట్‌నర్‌షిప్ కాబట్టి ఇంకో సంగతి తెలుసుకోవాలి. సెక్షన్ 9 వ్యాపార సంస్థల గురించి. కంపెనీలే కాదు, భాగస్వామ్య సంస్థలూ అందులోకి వస్తాయి. సంస్థతో సంబంధమున్న మనిషి, అంటే ఉద్యోగి అయినా ఏజెంటు అయినా, సంస్థ పని కోసం లంచం ఇస్తే సంస్థకు జరిమానా. అది యజమాని సమ్మతితోనో, చూసీ చూడనట్టు ఊరుకోవడం వల్లనో జరిగిందని రుజువైతే సెక్షన్ 10 కింద మూడు నుంచి ఏడేళ్ళ జైలు. భాగస్వామ్య సంస్థలో డైరెక్టరంటే పార్ట్‌నరే అని చట్టమే చెప్పింది. అంటే మీరు, మీ బామ్మర్ది. ‘అడగకపోవడమే తెలివి అనుకున్నాను’ అని రాశారు చూడండి, చూసీ చూడనట్టు ఊరుకోవడం అంటే అదే. కటువుగా అంటున్నందుకు ఏమీ అనుకోకండి. కోర్టులో వినేకంటే ఇక్కడ నా నోట వినడం మేలు.

‘చిన్న మొత్తమే, మామూలు పనికే’ అనే వాదన కూడా నిలవదు. రేషన్ కార్డు దరఖాస్తు సకాలంలో చూడటానికి ఐదు వేలు అడిగిన ఉద్యోగి నేరస్థుడేనని సెక్షన్ 7లోనే ఉదాహరణ ఇచ్చారు. మామూలు పని, మామూలు మొత్తం, అయినా నేరమే. అమెరికా లంచాల చట్టం 1977ది, అందులో ఇలాంటి చిన్న చెల్లింపులకు ఒక ఇరుకు సందు ఉంది. ఇంగ్లాండ్ చట్టంలో ఆ సందు కూడా లేదు. మీ కొనుగోలుదారు ఆ ప్రశ్న విడిగా అడిగింది అందుకే.

ఇంగ్లాండ్ చట్టం 2010లో చేశారు, 2011 జూలై 1 నుంచి అమలు. తన కోసం పనిచేసేవాళ్ళు లంచం ఇవ్వకుండా ఆపలేకపోయిన సంస్థ కూడా అక్కడ నేరం చేసినట్టే. జరిమానాకు పైపరిమితి లేదు. తగిన పద్ధతులు పెట్టుకున్నామని రుజువు చేస్తేనే బయటపడుతుంది. సరుకు మాత్రమే అమ్మే మీలాంటి సప్లయర్ దాని ‘తరఫున పనిచేసేవాడు’ కిందకు సాధారణంగా రాడు. అక్కడి న్యాయశాఖ మార్గదర్శకాల్లోనూ ఆ అర్థమే ఉంది. అందుకని లండన్ పోలీసులు జీడిమెట్ల వస్తారని భయపడకండి. కానీ కొనుగోలుదారు తన జాగ్రత్తను ఒప్పందం ద్వారా మీ మీదకు దింపుతాడు. మిమ్మల్ని కట్టేసేది ఆ ఒప్పందం, దానికంటే ముందు మన దేశపు చట్టం.

ఇంకొక తేడా ఉంది, చాలామందికి తట్టదు. మన చట్టం ప్రభుత్వోద్యోగుల గురించి. ఇంగ్లాండ్ వాళ్ళది ప్రైవేటు లంచాలకు కూడా వర్తిస్తుంది. పంపుల కంపెనీల్లో పర్చేజ్ వాళ్ళకు ‘రెండు శాతం’ ఏమైనా నడుస్తుంటే అదీ ఆ ఫారం కిందకు వస్తుంది. ప్రభుత్వ రంగ సంస్థ ఉద్యోగి మాత్రం మన చట్టంలోనే ప్రభుత్వోద్యోగి. దీపావళికి అక్కడి ఇన్‌స్పెక్షన్ ఇంజినీరు ఇంటికి వెండి గిన్నె పంపే అలవాటుంటే ఈ ఏడాదితో ఆపేయండి. చట్టం డబ్బు ఒక్కటే అనలేదు, న్యాయంగా రావాల్సింది కానిది ఏదైనా అంది.

ఏం చెయ్యాలో చెప్తాను. యాభై పేజీల పాలసీ అక్కర్లేదు, లంచాల నివారణ పద్ధతులకు ఇచ్చే ఐఎస్ఓ 37001 సర్టిఫికెట్ కూడా ఇప్పుడే అక్కర్లేదు. ఆ ఇంగ్లాండ్ మార్గదర్శకాల్లో మొదటి సూత్రమే, సంస్థ ఎంతో ఏర్పాటు అంత ఉండాలని. 26 మంది షాపుకి నాలుగు కాగితాలు చాలు, అవి నిజంగా నడవాలి.

అన్నిటికంటే ముందు కన్సల్టెంట్. ప్రభుత్వ ఫీజు ఇకనుంచి అతని చేతికి ఇవ్వొద్దు. పోర్టల్‌లో మీ లాగిన్‌తో, మీ బ్యాంకు ఖాతా నుంచి మీరే కట్టండి, చలానా మీ ఫైల్లో ఉంచండి. అతనికిచ్చేది అతని పనికి మాత్రమే: దరఖాస్తు తయారీకి ఇంత, డ్రాయింగుకి ఇంత, వెళ్ళొచ్చినందుకు రోజుకి ఇంత. ‘పనైతేనే ఫీజు’ అనే షరతు వద్దు. మాటల్లో కాదు, రాతలో. మీ తరఫున ఎవరికీ ఏమీ ఇవ్వకూడదని, ఇచ్చినట్టు తెలిస్తే ఆ క్షణమే ఒప్పందం ముగుస్తుందని, మీరడిగితే లెక్క చూపాలని రాయించుకోండి. సంతకం పెడితే మంచి మనిషి. పెట్టనంటే ఆ 47 వేలు ఎటుపోయాయో మీకు జవాబు దొరికినట్టే.

తర్వాత గోడ మీద క్యాలెండరు. నవ్వకండి, నేను చూసిన లంచాల్లో సగానికి సగం గడువు నెత్తిమీదకు వచ్చాక ఇచ్చినవే. గడువుకి వారం ముందు వెళ్ళినవాడు టైము కొనుక్కుంటాడు. మూడు నెలల ముందు వెళ్ళినవాడికి ‘రేపు రండి’ అంటే రేపు వస్తాడు. మీ అనుమతులన్నీ, వాటి గడువులు, మొదలుపెట్టాల్సిన తేదీ ఒక చార్టు మీద రాసి ఆఫీసులో తగిలించండి. మన రాష్ట్రంలో పరిశ్రమల అనుమతులకు 2014 నుంచి ఐపాస్ చట్టం ఉంది, అనుమతిని బట్టి గడువులున్నాయి. షెడ్డు పెంచుకోవాలంటే 2020 నాటి బీపాస్ చట్టం ఉంది, దానిలో సింగిల్ విండో అనుమతికి 21 రోజులు. దరఖాస్తు నంబరు, తేదీ చేతిలో ఉంటే అడిగే హక్కు మీది.

కౌంటర్ దగ్గరికి వెళ్ళేవాళ్ళకు ఏమనాలో ముందే నేర్పండి. అక్కడ నిలబడ్డ కుర్రాడికి మాట తట్టక జేబులో చెయ్యి పెడతాడు. ‘సార్, మా ఆఫీసులో రసీదు లేకుండా రూపాయి బయటికి రాదు. ఫైల్లో ఏం తక్కువుందో రాసివ్వండి, తెస్తాం.’ ఇంతే. ఇద్దరు కలిసి వెళ్ళాలి. అడిగిన మాట అదే రోజు మీకు చెప్పాలి. చెప్పినందుకు, పని ఆలస్యమైనందుకు ఎవర్నీ తిట్టకూడదు. ఈ చివరిది మీరు ఒట్టేసుకోవాలి. యజమాని మొహం మాడితే మిగతా కాగితాలన్నీ దండగ.

పెట్టీ క్యాష్‌లో ‘మిసలేనియస్’, ‘టీ ఖర్చులు’ అనే హెడ్లు మూసేయండి. ఆ డబ్బును ఖర్చుగా చూపడం ఇంకో తప్పు. నేరమయ్యే పనికి పెట్టిన ఖర్చును ఆదాయపు పన్ను చట్టం ఖర్చుగా ఒప్పుకోదు. మీ అకౌంట్స్ అమ్మాయి అడిగిన ప్రశ్నకు అసలు జవాబు, దానికి హెడ్ లేదు అని. అంత పెద్ద ప్రశ్న అడిగే పిల్ల మీ దగ్గరుంది. ఆ రిజిస్టరు ఆమె చేతికే ఇవ్వండి.

పాత బిల్లుల విషయం ఇక్కడ విప్పకండి. మంచి లాయరు దగ్గర కూర్చోండి, ఫారం పంపే ముందే. ఒకటి మాత్రం నేనే చెప్తాను: పాత వోచర్లు మార్చొద్దు, చింపొద్దు, కొత్తవి పుట్టించొద్దు. బలవంతపెడితే ఇచ్చినవాడికి చట్టంలో ఒక రక్షణ ఉంది. ఇచ్చిన ఏడు రోజుల్లోపు పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పాలి. ఏడు రోజులంటే ఏడే. మీ పాత వాటికి అది దాటిపోయింది. ఇకముందు జరిగితే మాత్రం ఆ ఏడు గుర్తుంచుకోండి.

ఆర్డరు పోతుందని భయపడుతున్నారు. నా అనుభవంలో అన్నిటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టిన ఫారమే మాకు అనుమానం తెప్పిస్తుంది. ‘కన్సల్టెంట్ ఉన్నాడు, విడివిడి లెక్క లేదు, ఫలానా తేదీతో ఆపాం, ఇదిగో కొత్త ఒప్పందం’ అన్నవాళ్ళతో చాలాసార్లు మాట కుదిరింది. ప్రతిసారీ కుదిరిందని చెప్పను.


చర్లపల్లి డబ్బాలు:

అన్నా, మేడమ్ చెప్పినవన్నీ నిజం. మీ మూడో ప్రశ్నకు నేను చెప్త, ఆ తొవ్వల నేను నడిచొచ్చిన.

నాది కార్టన్ డబ్బాల యూనిట్. మూడేండ్ల కింద ఒక ఆఫీసుల నా ఫైలు 40 రోజులు ఆగింది. కాగితాలన్ని సక్కగున్నయి, ఫీజు కట్టిన. ఒక రోజు ఆ సారు ఫైలు నా ముందట్నే బోర్లేసి దాని మీద చెయ్యి పెట్టిండు. ‘ఇరవై’ అన్నడు. ఇంకో మాట లేదు. బండి మీద ఇంటికొస్తుంటే ఈసీఐఎల్ చౌరస్తా కాడ సిగ్నల్ పచ్చగైంది, ఎనకోళ్ళు హారన్లు కొడుతున్నరు, నాకు సోయి లేదు. ఇరవై వేలంటే మా హెల్పర్ నెల జీతం కంటె ఎక్కువ.

ఇంట్ల చెప్తే మా ఆవిడ ఒకటే అన్నది. ‘ఇయ్యాల ఇస్తె, మళ్ళొచ్చే ఏడు గూడ ఇయ్యాలె గద.’ తెల్లారి ఏసీబీ నంబరు 1064కు కొట్టిన. ఫోన్ల పేరు చెప్పెటప్పుడు గొంతు ఎండిపోయింది, దాచుకునేదేముంది. రమ్మన్నరు, ఫిర్యాదు రాసియ్యమన్నరు. ఎంబడే పట్టుకోరు. ఆయన నిజంగ అడుగుతున్నడా లేదా అని వాళ్ళు ముందు చూసుకుంటరు. అట్ల తేలినంకనే కేసు కట్టిన్రు.

పైసలు మనమే తీస్కపోవాలె. ఐదొందల నోట్లు 40. ఒక్కొక్క నోటు నంబరు రాసుకున్నరు, వేరే సర్కారు ఆఫీసులకెల్లి వచ్చిన ఇద్దరు మధ్యవర్తులు పక్కన కూసున్నరు. ఒకాయన నోట్ల మీద తెల్లపొడి రుద్దిండు, ఫినాఫ్తలీన్ అంటరు. చూస్తె కనవడదు. ఇంకో గ్లాసుల సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్ళు, మామూలు నీళ్ళ లెక్కనే ఉన్నయి. పొడి అంటిన వేళ్ళు అండ్ల ముంచంగనే నీళ్ళు గులాబీ రంగుకొచ్చినయి. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ పొడి నోట్లు నా జేబుల పెట్టిన్రు, చెయ్యి తగలనియ్యొద్దన్నరు. పదిసార్లు చెప్పింది ఒకటే: ‘నీ అంతట నువ్వు తీసియ్యొద్దు. ఆయన అడిగినంకనే ఇయ్యాలె.’ అడిగినట్టు రుజువు కాకుంటె, నోట్లు దొరికినా కేసు నిలవదంట. కొన్నేండ్ల కిందట సుప్రీంకోర్టు పెద్ద బెంచి గూడ అదే చెప్పింది: అడుగుడు రుజువు కావాలె, గని ఫిర్యాదుదారుడు లేకున్నా చుట్టుపక్కల సాక్ష్యాలతోని గూడ రుజువు చెయ్యొచ్చని. మా లాయరు చెప్పిండు.

ఆయన అడిగిండు, నేనిచ్చిన. లోపటికొచ్చి ఆయన చేతులు కడిగిపిచ్చిన్రు. గ్లాసుల నీళ్ళు గులాబీ అయినయి. ఆయన నా దిక్కు చూడలే, ఆ గ్లాసు దిక్కే చూసిండు. నాకు సంబురం కాలేదన్నా, నిజం చెప్తున్న. ఆయనకు గూడ పిల్లలుంటరు గద అనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలే.

ఇట్ల ముందే చెప్పి ఇచ్చినోని మీద కేసు ఉండదు, చట్టంలనే రాసుంది. నా ఇరవై వేలు కొన్ని నెలలకు తిరిగొచ్చినయి. నా ఫైలు తర్వాత తొమ్మిది రోజులల్ల అయింది. అట్లని అంతా అల్కగ అయిందనను. నాంపల్లి కోర్టుకు ఇప్పటికి నాలుగు సార్లు పోయిన, ఇంక పోవాలె. కొన్ని రోజులు ఆ ఆఫీసుల నన్ను కూసోమన్నోడు లేడు. ఎదురుంగ మాట్లాడెటోళ్ళు తక్కువైన్రు. గని ఈ మూడేండ్లల్ల మల్ల ఎవ్వలూ ఫైలు మీద చెయ్యి పెట్టలే.

సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసైతే సీబీఐ చూసుకుంటది, స్టేట్‌ది అయితే ఏసీబీ. మీకు అడిగెదాక రాకపోతే మంచిదే. వస్తె మాత్రం, ఒక్కడివే పోకు. నాకు మెసేజ్ పెట్టు, తోడొస్త.


జీడిమెట్ల వీఎంసీ:

మేడమ్ గారికి, చర్లపల్లి అన్నకు చాలా థాంక్స్. పదిహేను రోజులైంది, జరిగింది చెప్తాను.

ముందు లాయరు దగ్గరికి వెళ్ళాం, నేనూ మా బామ్మర్దీ ఇద్దరం. అక్కడ మాట్లాడింది ఇక్కడ రాయను. పాత వోచర్లు అలాగే ఫైల్లో ఉన్నాయి.

తర్వాత కన్సల్టెంట్‌ని పిలిపించాం. కొత్త ఒప్పందం టేబుల్ మీద పెట్టాను. చదివి పక్కకు జరిపాడు. ‘సార్, మీ నాన్నగారి కాలం నుంచీ ఉన్నాను, ఇంత నమ్మకం లేదా’ అన్నాడు. నాకు కష్టంగానే అనిపించింది. మా నాన్న చనిపోయినప్పుడు మొదట వచ్చినవాళ్ళలో అతనొకడు. అయినా సంతకం పెట్టనన్నాడు. టీ తాగి వెళ్ళిపోయాడు.

మరుసటి వారం నేనూ మా సూపర్‌వైజరూ నేరుగా ఆ ఆఫీసుకి వెళ్ళాం. ఈసారి రెన్యువల్‌కి ఇంకా 70 రోజులుంది. కౌంటర్ దగ్గర నా అరచేతులు చెమటపట్టాయి. ‘ఫైల్లో ఏం తక్కువుందో రాసివ్వండి సార్’ అన్నాను, మేడమ్ చెప్పినట్టే. అవతలాయన నన్నొకసారి చూసి, కంప్యూటర్లో పాత రికార్డు తెరిచి, ప్రింటు తీసిచ్చాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ కాగితం చదివి మెట్ల మీదే నిలబడిపోయాను. మా షెడ్డు గురించి ఇంజినీరు సంతకంతో ఇవ్వాల్సిన సర్టిఫికెట్ ఒకటి నాలుగేళ్ళుగా మా ఫైల్లో లేదు. కన్సల్టెంట్ మాకెప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడూ అడగలేదు. ఇన్నేళ్ళూ మేమిచ్చిన డబ్బు ఆ లేని కాగితాన్ని కప్పిపెడుతూ వచ్చింది. వాళ్ళు మమ్మల్ని పీడిస్తున్నారని ఊరంతా చెప్పుకు తిరిగాను. ఆ షెడ్డు కిందే 26 మంది పనిచేస్తున్నారు. క్రేన్ బీము కింద రోజూ నడిచే పిల్లల మొహాలు కళ్ళముందుకొచ్చాయి.

ఇంజినీరు వచ్చి చూశాడు. పైకప్పు రేకులను మోసే పర్లిన్లు రెండు తుప్పు పట్టాయి, మార్చమన్నాడు. వెల్డింగ్ పని నిన్నటితో అయింది. రేపు సర్టిఫికెట్ వస్తుంది. దానికి పెట్టిన ఖర్చుకు బిల్లుంది, హెడ్డూ ఉంది.

గోడ మీద చార్టు తగిలించాం. మా అకౌంట్స్ అమ్మాయే గీసింది, ఎర్ర స్కెచ్‌తో గడువులు, పచ్చదానితో మొదలుపెట్టాల్సిన తేదీలు. శనివారం మధ్యాహ్నం భోజనాల తర్వాత అందర్నీ కూర్చోబెట్టి అరగంట మాట్లాడాను, తెలుగులోనే, మన బీహార్ పిల్లల కోసం కొంత హిందీలో. అడిగినదానికి ‘లేదు’ అన్నందుకు పని ఆగితే ఎవర్నీ ఒక్క మాట కూడా అనను అని అందరి ముందూ చెప్పాను. డెలివరీలకు వెళ్ళే మా డ్రైవరు అప్పుడు లేచి, దారిలో ఎక్కడెక్కడ ఎంతెంత ఇస్తున్నాడో చెప్పడం మొదలుపెట్టాడు. నాకు తెలియనివి చాలా ఉన్నాయి. అవన్నీ ఆ అమ్మాయి రాసుకుంది, వాటి పని ఈ వారం పట్టాలి.

ఫారం శుక్రవారం పంపించాను. పదిహేడో ప్రశ్నకు లాయరు చూసిన జవాబు ఇది: ‘ఒక బయటి కన్సల్టెంట్ ఉండేవారు. ఆయన బిల్లుల్లో విడివిడి లెక్క లేదు. ఈ నెలతో ఆయన సేవలు ఆపాం. ప్రభుత్వ ఫీజులు ఇకపై మా ఖాతా నుంచి మాత్రమే. కొత్త ఒప్పందం నమూనా, అనుమతుల చార్టు జత చేశాం.’

సోమవారం వాళ్ళ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. పీఓ కాదు. ఇంకో రెండు ప్రశ్నలు, గురువారం సాయంత్రం వీడియో కాల్. మాతోపాటు మా అకౌంట్స్ అమ్మాయి కూడా కాల్‌లో కూర్చుంటుంది. మేడమ్, అలాంటి కాల్స్‌లో వాళ్ళు మామూలుగా మొదట ఏం అడుగుతారో వీలైతే బుధవారం లోపు చెప్పగలరా?


సప్లయర్ ఆడిట్:

డ్రైవరు చెప్పిన లిస్టు గురించి అడుగుతారు. అంటే, ‘మీకు తెలియకుండా జరిగేవి తెలుసుకోవడానికి ఏం చేశారు’ అని. శనివారం మీటింగ్ తేదీ, వచ్చినవాళ్ళ సంతకాలు, ఆ అమ్మాయి రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకోండి. లాయరుకు చూపించాకే వాళ్ళకు చూపించండి. రేపు రాత్రి ఎనిమిది తర్వాత ఖాళీగా ఉంటాను, ఫోన్ చెయ్యండి, ఆ అమ్మాయినీ లైన్‌లో పెట్టండి.